ముగింపు దోషం

స్టోర్ రూమ్ కిటికీ అవతల
మునస్వామన్న ఇనుప బాణాలు లెక్కపెడుతున్నాడు.
పదికి తొమ్మిదే.
"ఇంకోటి యాడబ్బా?"
ఐదుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
తోండవాడ కల్వర్టుకి దిగువన
స్వర్ణముఖి ఇసకలో ఎక్కడో
నిలబడే ఉంటుందది,
మేం వెనక్కొచ్చి పీకుతామని.

నలభై రూపాయల ఫైను.
తలా ఎనిమిది.
చిల్లర లేదని గుణశీలన్ పది ఇచ్చి
రెండు రూపాయలు వదిలేయనన్నాడు.
మూడేళ్ళ పాలిటెక్నిక్‌లో
మేం కలిసి కట్టిన ఆఖరి బాకీ అదే.

నో డ్యూస్ కాగితం మీద సంతకం కోసం
గోడ నీడలో నిలబడ్డప్పుడు
గుర్తొచ్చింది అరవైరెండు.

అరవైరెండు మిల్లీమీటర్లు.
కల్వర్టు మెట్టు దగ్గర లెవెలింగ్ మొదలుపెట్టి
చెరుకుతోట గట్టు, రైలుకట్ట, ఇటుకల బట్టీ
అన్నీ చుట్టి, అంతా ఎండిపోయి
మళ్ళీ అదే మెట్టు దగ్గరికొస్తే
మెట్టు ఆ కాస్తంత కిందికి దిగిపోయి ఉంది
ముబీనా రాసిన పుస్తకంలో.

"రాతి మెట్టు యాడికి పోతుందిరా?"
గుణశీలన్ నగరి తెలుగు
కోపమొస్తే సగం అరవంలోకి జారుతుంది.
యుగంధర్ బుడగ సరిగ్గా నిలపలేదని రెడ్డిరాణి.
రెడ్డిరాణి స్టాండు కాళ్ళు బిగించలేదని యుగంధర్.
కూడికల్లోనే తప్పుందని అందరం
ముబీనా వైపు.
రెండు రోజులు
ఒకే క్యారియర్‌లో సంగటి ముద్దలు తిని
చెట్నీ గిన్నె జరపమని కూడా
ఒకరినొకరం అడగలేదు.
నేనూ నోరు తెరవలేదు.
నా కారణం వేరు.

మూడోరోజు చీకటితోనే
హాస్టల్ తలుపు బాదింది రెడ్డిరాణి.
"లెయ్యండి, ఎండెక్కక ముందే మళ్ళీ చుట్టేద్దాం."
ఎవరూ సారీ చెప్పలేదు.
అడక్కుండానే గుణశీలన్
స్టాండు భుజానికెత్తుకున్నాడు.
యుగంధర్ బుడగని నడిమధ్యకి తెస్తుంటే
అందరం ఊపిరి బిగబట్టాం,
అంత దూరాన కర్ర పట్టుకున్న నేను కూడా,
నా ఊపిరికే అది కదిలిపోయేట్టు.

ఈసారి తొమ్మిది.
"తొమ్మిదంటే పరవాలేదు" అన్నారు సారు.
"యాడ పుట్టిందో ఇంక వెతకబాకండి.
అన్ని మజిలీలకీ తలా కొంచెం పంచేయండి."
పంచేశాం.
ఒక్కో చోటికి ఒక్కో మిల్లీమీటరు.
ఆ సాయంత్రం చంద్రగిరి కోట గోడ నీడ
మా కాళ్ళ మీదికి వచ్చేదాకా
ఊరికే నవ్వుతూ కూచున్నాం.

బస్టాండులో, ఇంక చెప్పకపోతే కుదరదని,
ముబీనాకి చెప్పేశాను.
మొదటిరోజు బట్టీ దగ్గర
నిలబడే కునుకు తీశానని,
కర్ర ముందుకు వాలింది
నా చేతిలోనేనని.

ఆమె బ్యాగు జిప్పు సరిచేసుకుంటూ
"తెలుసు" అంది.
"ఆ వరసలో పెన్సిల్‌తో చుక్క పెట్టినా.
సారుకి పుస్తకం ఇచ్చేముందు
రబ్బరుతో తుడిచేసినా."
అంతే.
కూడికలు రాని పిల్లగా
రెండు రోజులు ఎట్లా గడిపిందో
అడగబోయేలోపు చిత్తూరు బస్సొచ్చింది.

నగరి బస్సు ఆ చివర. పుంగనూరు బస్సు ఈ చివర.
రెడ్డిరాణి ఎప్పుడెక్కిందో చూడనేలేదు,
సీటుకి వేసిన తువ్వాలు మాత్రం కనిపించింది.

గొంతు చేరని దూరాలకి
మాకో చేతుల భాష ఉండేది.
కుడిచెయ్యి చాచితే ఇంకాస్త కుడికి.
నిదానంగా ఊపితే నిదానంగా.
రెండు చేతులూ తలపైకెత్తి దించితే
సరిపోయింది, అక్కడే పాతెయ్.

పీలేరు బస్సు వెనక్కి కదిలి
గేటు దగ్గర మలుపు తిరిగేటప్పుడు
వెనక అద్దంలోంచి యుగంధర్
టాటా చెప్పలేదు.
రెండు చేతులూ పైకెత్తాడు.
దించాడు.

నా చేతిలో కర్ర లేదు.
అయినా నిటారుగా నిలబడ్డాను,
"అడ్డం లెయ్ అబ్బోడా" అని
ఇంకో బస్సు కండక్టరు అరిచేదాకా.